ఊరంతా నిలబడి చూసిన నాటకం

ఆ సాయంత్రం మా బడి ముందర ఉన్నవి ఇవి. రాతి అరుగు ఒకటి: పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు, ఎత్తు రెండున్నర. దాని మీద కుర్చీ ఒకటి, హెడ్‌మాస్టరు గదిలోంచి తెచ్చింది, చేతులున్నది. అరుగు కింద కుర్చీలు మూడు, వాటి వెనుక దొర గడి నుంచి పంపిన జంపఖానాలు నాలుగు. తెరగా కట్టిన చీరెలు రెండు, అందులో ఒకటి మా అవ్వది, నన్ను కన్న తల్లిది. పొనికి అనే తేలిక చెక్కతో వడ్లాయన, ఊరి వడ్రంగి, చేసిచ్చిన కిరీటం ఒకటి. జనుపనార గడ్డాలు మూడుండాలి, రెండే ఉన్నాయి. మూడోదాన్ని ఆ మధ్యాహ్నమే మేక తినేసింది. వేషాలు కట్టిన పిల్లలం తొమ్మిది మందిమి. సార్లు ముగ్గురు. చూడవచ్చిన జనం నూట ఎనభైకి తక్కువ కాదు, రెండు వందలకు ఎక్కువ కాదు. వాళ్లలో ముందు వరుసలో, నేల మీద, మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి. అందరికన్నా వెనుక, గోడ పక్కన, మా నాన్న, మా బాపు.

అరుగు కొలతలు జ్ఞాపకం నుంచి చెప్పినవి కావు. పోయిన నెల టేపు పెట్టి తీసుకున్నవి. నేను చదివింది ఇంజనీరింగు డిప్లొమా, చేస్తున్నది సర్కారు కట్టడాల శాఖలో సూపర్‌వైజరు పని. పాత బడిని పడగొట్టి కొత్తది కట్టడానికి అంచనా వేయమని కాగితం వస్తే, ఆ ఊరివాడినని నన్నే పంపారు. ఎండ బాగా ఉంది. టేపు రెండో కొస పట్టుకున్న పనివాడు లోపలి నుంచి కుర్చీ తెచ్చి అరుగు మీద వేశాడు. "జర కూసోండ్రి సారూ, మొకమంత చెమటలే ఉన్నయి," అన్నాడు. నేను కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదో వాడికి చెప్పలేదు. చెప్పనిది ఇప్పుడు కాగితం తీసి రాస్తున్నాను.

మా ఊరు లక్సెట్టిపేట వైపు, గోదావరికి ఒక పూట నడక దూరంలో ఉంటుంది. నిజాం పాలన పోయి అప్పటికి కొన్నేళ్లే. మేం చదివింది మిడిల్ స్కూల్లో. పెద్దవాళ్లు ఇంకా పాత అలవాటులో వస్తానియా అనేవారు. బడికి జాగా ఇచ్చింది దొర. గడి అంటే దొర ఇల్లు, కోటలాగా ఎత్తైన గోడలతో ఊరి నడుమ ఉండేది. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. దర్వాజా కనిపించే మేర ఎవరూ కూర్చోకూడదు. దొర నిలబడి ఉన్నచోట పండు ముసలివాళ్లు కూడా నిలబడే ఉండాలి. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. వెట్టి రద్దయిందని కొత్త సర్కారు వాళ్లు వచ్చి డప్పు కొట్టించి చెప్పిపోయిన రోజు కూడా, ఆ మాట వినడానికి పోయినవాళ్లు గడి మలుపులో చెప్పులు విప్పుకునే పోయారు.

దొర చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. నేను ఆయన గొంతు పెరగడం ఎన్నడూ వినలేదు. ఖద్దరు కట్టేవాడు. పోస్టులో పేపరు తెప్పించుకుని చదివేవాడు. పిల్లలు కనిపిస్తే ఏ తరగతి అని అడిగేవాడు.

మా బాపు నీరటికాడు. చెరువు తూముకు కాపలా ఉండి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి వదలడం ఆయన పని. పొద్దున్నే మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క, పచ్చిపులుసు తిని, భుజాన పార వేసుకుని పోయేవాడు. ఆయన ఒంటి నుంచి ఎప్పుడూ నాచు వాసన, తడి మట్టి వాసన వచ్చేవి. కట్ట మీద నిలబడి కేకేస్తే నాలుగు మళ్ల అవతలి మనిషి తలెత్తేవాడు. అదే మనిషి గడి ముందుకు పోతే గొంతులోంచి గాలి మాత్రమే వచ్చేది. చిన్నప్పుడు నేను ఆయనకు రెండు గొంతులున్నాయని అనుకునేవాడిని.

నాకైతే ఒక్కటి కూడా లేదు. బళ్లో హాజరు పిలిస్తే లేచి చెయ్యి ఎత్తేవాడిని, అంతే. "హాజర్ సారూ" అన్న మాట నోటిలోనే ఆగిపోయేది. లెక్కల్లో మొదటి మార్కు నాదే. బోర్డు మీద లెక్క చేసి, ఎలా చేశావో చెప్పమంటే చెమటలు పట్టేవి.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు కొత్త సారు వచ్చారు. కరీంనగర్‌లో ట్రైనింగు చేసి, సైకిలు మీద ట్రంకు పెట్టె కట్టుకుని వచ్చారు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. మీసం ఇంకా సరిగా రాలేదు. శనివారం ఆఖరి పీరియడు నాటకానికి ఇవ్వాలని హెడ్‌మాస్టరును అడిగి ఇప్పించుకున్నారు. హెడ్‌మాస్టరును మేం పెద్దసారు అనేవాళ్లం, ఈయన్ని డ్రామా సారు అన్నాం.

మొదటి శనివారమే ఆయన బోర్డు మీద మూడు పనులు రాశారు. ఒకటి, దూరాన ఉన్నవాడికి వినిపించేలా మాట్లాడడం. రెండు, నవ్వకుండా ఒక అబద్ధం చెప్పడం. మూడు, కుర్చీలో కూర్చోవడం. మూడోది చూసి మేం నవ్వాం. తరువాత తెలిసింది, ఇరవై ఎనిమిది మందిలో అంతకు ముందు ఎప్పుడైనా కుర్చీలో కూర్చున్నవాడు పట్వారీ కొడుకు ఒక్కడే.

పెద్దసారు భోజనానికి పోయినప్పుడు నలుగురం కలిసి ఆయన కుర్చీని ఎత్తుకొచ్చేవాళ్లం. దానికి నశ్యం వాసన. ఒక్కొక్కడు పోయి కూర్చోవాలి. మాలో చాలామందిమి అంచున ఆని, ఏ క్షణమైనా లేచేటట్టు ఉండేవాళ్లం.

"కుర్చి కాలుతున్నదారా? నిండుగ కూసో," అనేవారు డ్రామా సారు.

"పెద్దసారు వస్తడేమో సారూ."

"వస్తే రానీ. నువ్వు కూసున్నవు. గంతే."

నా వంతు వచ్చినప్పుడు కాళ్లు నేలకు అందలేదు. వెనక్కి జరిగి వీపు ఆనించమన్నారు. ఆనించాను. వీపుకు చెక్క తగలగానే ఎవరో వెనుక నుంచి పట్టుకున్నట్టయి ఎగిరి దూకాను. తరగతంతా ఘొల్లుమంది. ఆ రోజు నేను కూర్చున్నది నాలుగు సెకన్లని పట్వారీ కొడుకు లెక్క చెప్పాడు.

దూరానికి వినిపించడం అనే పనిని సారు చెరువు కట్ట మీద చేయించేవారు. తూము దగ్గర బాపును నిలబెట్టేవారు. నేను ముప్పై అడుగుల దూరంలో నిలబడి ఒక వాక్యం చెప్పాలి. వినిపిస్తే బాపు తువ్వాల ఎత్తుతాడు. మొదటి వారం ఎత్తలేదు. రెండో వారం ఎత్తలేదు.

"మనసుల చెప్పుకుంటున్నవారా బిడ్డా? చేపలకైన ఇనవడాలె గదా," అని బాపు నవ్వాడు.

మూడో వారం ముప్పై అడుగుల దగ్గర తువ్వాల లేచింది. దసరా నాటికి నూరు అడుగులు. ఇప్పపూలు రాలే రోజులకు, అంటే ఎండలు మొదలయ్యేసరికి, రెండు వందల పది. ఆ రోజు గాలి ఎదురుగా ఉంది. ఇప్పపూల తీపి వాసన కట్టంతా కమ్ముకుంది. నేను గొంతెత్తి, "ఈ రాజ్యంలో దాహంతో ఎవరూ నిద్రపోకూడదు," అని చెప్పాను. అంత దూరాన తెల్లటి తువ్వాల లేచింది. ఒకసారి ఎత్తితే చాలు. బాపు మూడుసార్లు ఊపాడు.

ఆ వాక్యం సారు రాసిన నాటకంలోది. కథ చిన్నది. ఇద్దరు రైతులు నీళ్ల కోసం కొట్లాడుకుని రాజు దగ్గరికి వస్తారు. రాజు మొదటి నుంచి సింహాసనం మీదే ఉంటాడు. ఇద్దరి మాటలూ వింటాడు, మంత్రి మాట వింటాడు, సాక్షుల్ని పిలిపిస్తాడు. చివర లేచి కిందికి వచ్చి, "నీళ్ల సంగతి నాకు తెలియదు, నీకు తెలుసు," అని ముసలి రైతును సింహాసనం మీద కూర్చోబెడతాడు. నాటకమంతా ఆ లేవడంలోనే ఉంది.

"నువ్వు ముందుగాలనే లేస్తే ఇగ నాటకం లేదు," అని సారు నాకు ప్రతి శనివారం చెప్పేవారు. "పాము వచ్చినా లేవకు. పెద్దసారు వచ్చినా లేవకు. ఎవలు వచ్చినా లేవకు. నేను ఈడనే తెర పక్కన ఉంట. నాకు చూడు."

ఇంట్లో చెప్పిన రాత్రి బాపు సర్వపిండి రొట్టె తుంచుకుంటున్నాడు.

"బాపూ, నేను రాజును."

"రాజువా? రాజు ఏం జేస్తడురా?"

"కూసుంటడు."

"యాడ?"

"కుర్చీల. ఆఖరు దాక."

బాపు చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "దొర వస్తడారా నాటకానికి?"

"వస్తే రానీ, నాటకమే గదా."

అవ్వ మధ్యలో వచ్చింది. "మొకానికి రంగు పూస్తరు గద. ఎవని కొడుకో ఎవలకెర్క?"

"ఎందుకు ఎర్క గాదు?" అంది బాపమ్మ. "నా మనుమడని నేనే చెప్త. మా ఇంట్ల పుట్టి ఒక్కడు కుర్చీల కూసుంటుంటె, మీకెందుకే గింత పరేషాను?"

మర్నాడు బాపు డ్రామా సారు గదికి పోయాడు. నన్ను కూడా తీసుకుపోయాడు. గడపకు బయటే నిలబడి, "సారూ, పోరనికి నిలబడే వేషం లేదా?" అని అడిగాడు.

సారు నవ్వారు. "భటుని వేషమున్నది. కని రాజు గొంతు వీనిదే. నువ్వే గద తువ్వాల ఊపినవు?"

"ఊపిన సారూ. కని దొర ఉన్న కాడ..."

"నేనున్న గదా. ఏమైన అయితే నాది పూచీ."

బాపు చాలాసేపు ఆలోచించాడు. సారు చదువుకున్న మనిషి, సర్కారు నౌకరి ఉన్న మనిషి. ఆయన పూచీ అంటే పూచీయే. "మీ మాట సారూ," అని దండం పెట్టి వచ్చేశాడు. దారిలో నా తల మీద చెయ్యి వేశాడు. గడి మలుపు వచ్చేదాకా తీయలేదు.

వార్షికోత్సవం సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నారు. దీపాల అవసరం లేకుండా పొద్దు ఉండగానే అయిపోవాలి. ముఖానికి అర్దళం కొబ్బరినూనెలో కలిపి పూశారు. పసుపుపచ్చని ఆ రంగు వాసన ఇప్పటికీ ఎక్కడైనా సోకితే నేను పక్కకు తప్పుకుంటాను. మీసాలు తుమ్మజిగురుతో అంటించారు. మంత్రి వేషం వాడు గడ్డం పోయిందని ఏడిస్తే, "నున్నగ గీకిన మంత్రివి, పట్నం మంత్రివి," అని సారు సముదాయించారు. మేక యజమాని కొడుకే రెండో రైతు. వాణ్ని అందరం కలిసి తిట్టాం.

నాలుగు కొట్టాక గడి నుంచి కబురు వచ్చింది. దొరకు ఒళ్లు వెచ్చగా ఉంది, రాలేడు, మీరు కానిచ్చుకోండి. నేను తెర సందులోంచి చూశాను. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కాళ్లు చాపి. అంతమందిలో ఆయన అలా కాళ్లు చాపి కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

తెర తీశారు. నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉన్నాను. కాళ్ల కింద సారు ఇటుకలు పెట్టించారు కనుక పాదాలు ఆనాయి. మొదటి వాక్యం చెప్పాను. చివరి వరుస దాకా పోయిందని నాకే తెలిసింది. బాపమ్మ "నా మనుమడు" అని పక్కామెను మోచేత్తో పొడవడం కనిపించింది. రైతులు వచ్చారు. కొట్లాట మొదలైంది. జనం నవ్వారు. అప్పటికి పది నిమిషాలై ఉంటుంది.

జనంలో వెనుక నుంచి ఒక గీత లాగా కదలిక వచ్చింది. చెప్పులు విప్పే చప్పుడు. తలలు లేచాయి. దొర వస్తున్నాడు. ఒళ్లు తేలికపడిందేమో, శాలువా కప్పుకుని, పక్కన జవాను గొడుగు పట్టగా నడిచి వస్తున్నాడు.

అందరూ లేచారు. పెద్దసారు లేచారు. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని లేచారు. అరుగు మీద రైతులిద్దరూ కొట్లాట మధ్యలో ఆపి, జనం వైపు తిరిగి చేతులు జోడించారు. మంత్రి జోడించాడు. భటులు బల్లేలు కిందపెట్టి జోడించారు.

నేను లేవలేదు.

ధైర్యం అని ఎవరైనా అనుకుంటే అది తప్పు. నా చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉన్నాయి. ఎవరు వచ్చినా లేవకు అని చెప్పారు. లేస్తే నాటకం లేదు అని చెప్పారు. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు.

దొర ముందు కుర్చీ దాకా వచ్చాడు. నన్ను చూశాడు. నవ్వాడు.

"కూసోండ్రి దొరా," అన్నారు పెద్దసారు కుర్చీ తుడుస్తూ.

"రాజుగారు కొలువు తీరిండ్రు గద సారూ," అన్నాడు దొర మెల్లగా. "రాజు ముందల మనం కూసుంటమా? నడువనీయండ్రి."

కొందరు నవ్వారు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. దొర శాలువా సర్దుకుని, చేతులు ముందు కట్టుకుని, కుర్చీ పక్కన నిలబడ్డాడు. పెద్దసారు నా వైపు చూసి కళ్లతో లెమ్మన్నారు. నేను తెర పక్కకు చూశాను. డ్రామా సారు అక్కడే ఉన్నారు. నాటకం రాసిన కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన లెమ్మనలేదు, వద్దనలేదు. తల వంచి కాగితాల్లోకి చూశారు. చూసి, ఆ కాగితాలు చంకలో పెట్టుకుని, దొర వైపు చేతులు జోడించారు.

సారు వద్దనలేదు కనుక సాగించమని అర్థం చేసుకున్నాను. తరువాతి వాక్యం చెప్పాను.

ఇక్కడ నిజం ఒకటి రాయాలి. ఆ తరువాత కొన్ని నిమిషాలు నేను నా బతుకులో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను. జనం అంత నిశ్శబ్దంగా ఉన్నారు. ఒక్క దగ్గు లేదు. ఇంతమంది, దొరతో సహా, నిలబడి నా మాట వింటున్నారు అనుకున్నాను. నా నాటకం అంత బాగుంది అనుకున్నాను. గొంతు ఇంకా పెంచాను. కుర్చీ చేతి మీద చరిచాను, సారు నేర్పకపోయినా. మొదటి సాక్షిని గద్దించాను. వాడు నిజంగానే వణికాడు.

అప్పుడు బాపమ్మను చూశాను. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఇంట్లో గోడ పట్టుకుని లేచేది. ఇప్పుడు పక్కామె భుజం మీద రెండు చేతులూ వేసి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మారుస్తోంది. ముఖం నా వైపు లేదు. నేల వైపు ఉంది. ఆమె వెనుక ఒక బాలింత, పసివాణ్ని ఎత్తుకుని. ఆ వెనుక పెద్దపెద్దవాళ్లు. ఎవరూ నన్ను చూడడం లేదు. అందరూ దొర మోకాళ్ల వైపు చూస్తున్నారు, అవి ఎప్పుడు వంగుతాయా అని. గోడ దగ్గర బాపు చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను ఎందుకు అప్పుడైనా లేవలేదని తరువాత చాలామంది అడిగారు. లేస్తే మంచో, లేస్తే ఇంకా చెడ్డో నాకు తెలియలేదు. నాకు తోచింది ఒకటే, నాటకాన్ని తొందరగా చివరికి తీసుకుపోవాలి. రెండో సాక్షిని పిలవాల్సిన చోట పిలవకుండా, "మంత్రీ, నీ మాట చెప్పు," అన్నాను. మంత్రికి అది తరువాతి పుట. వాడు బెదిరిపోయి రెండో సాక్షిని వాడే పిలిచాడు. రెండో సాక్షి వచ్చి ఒక్క ముక్క వదలకుండా మొత్తం చెప్పాడు. నేను మళ్లీ దాటవేయబోతే రెండో రైతు, ఆ మేకల వాళ్ల పిల్లవాడు, భయంతో మొదటి నుంచి కొట్లాట మొదలుపెట్టాడు. వాడి మాట ఒకటి మూడుసార్లు వచ్చింది. ఇంకో రోజైతే జనం పడీపడీ నవ్వేవాళ్లు.

మొత్తానికి చివరి చోటు వచ్చింది. నేను లేచాను.

నేను లేచిన క్షణంలోనే దొర వెనక్కి చూసుకుని, నిదానంగా, తన కుర్చీలో కూర్చున్నాడు. "ఇగ కూసుందాం," అన్నాడు అందరికీ వినిపించేలా. జనమంతా ఒక్కసారి కూలబడింది. బరువైన బస్తాలు దించిన చప్పుడు. మోకాళ్లు పట్టుకుని మూలుగులు. ఆ మూలుగుల మధ్య నేను ముసలి రైతు చెయ్యి పట్టుకుని, "నీళ్ల సంగతి నాకు తెలియదు, నీకు తెలుసు. వచ్చి కూర్చో," అని చెప్పాను. ముసలి రైతు వేషం వేసింది చాకలివాళ్ల పిల్లవాడు. వాడు కుర్చీ వైపు చూశాడు, దొర వైపు చూశాడు.

"నేను కూసోను," అన్నాడు. అది నాటకంలో లేని మాట. చెప్పి అరుగు దూకి పరుగెత్తాడు.

తెర వేశారు. దొర పెద్దసారుతో, "పిలగాండ్లు మంచిగ చేసిండ్రు," అని చెప్పి వెళ్లిపోయాడు. నన్ను పిలవలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఆ తరువాతా అనలేదు.

అన్నది ఊరు. ముఖం కడుక్కుని నేను ఇంటికి పోయే దారిలో ఒకామె, "రాజుగారు, మా కాళ్లు పిసుకుతవా?" అంది. ఇంకొకాయన, "నీ కొడుక్కి కుర్చి మోజు తీరిందా?" అని బాపునే నిలబెట్టి అడిగాడు. ఇంట్లో బాపమ్మ మోకాళ్లకు అవ్వ ఆముదం కాచి రాస్తోంది. నన్ను చూసి బాపమ్మ దగ్గరికి రమ్మంది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా," అంది. "కని నాకు ఏం ఇనరాలే."

బాపు నన్ను కొట్టలేదు. కొడతాడని ఎదురుచూశాను. తెల్లారి లేచి, తలకు చుట్టే తువ్వాలను నడుముకు కట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని గడికి పోయాడు. దొర వల్ల తప్పు జరిగిందని ఎవరూ అనుకోరు, తప్పు ఎప్పుడూ మన వైపే ఉంటుంది. ఆ తప్పు చేసినవాడు పొద్దు పొడవగానే పోయి దర్వాజా ఎదుట నిలబడాలి. పిలవకూడదు, అడగకూడదు. దొర బయటికి వచ్చి, ఏందిరా అని తానుగా అడిగితే చెప్పుకోవాలి. పొమ్మంటే తప్పు పోయినట్టు. అంతదాకా పొద్దు గూకేవరకు నిలబడి, మర్నాడు మళ్లీ రావాలి. అది మా దగ్గరి పద్ధతి.

యాసంగి వరి, రెండో పంట, పొట్ట మీద ఉంది, నీళ్లు తప్పకూడదు. బాపు నిలబడి ఉన్నన్ని రోజులు తూము అవ్వ చూసింది, బడి విడిచాక నేను చూశాను. బడికి పోయే దారి గడి ముందు నుంచే. రోజూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి బాపు వీపు కనిపించేది. బాపు తల తిప్పేవాడు కాదు. నేను పిలిచేవాడిని కాదు. రెండు వందల పది అడుగుల దూరానికి వినిపించే గొంతు ఉన్నవాడిని, పది అడుగుల దూరంలో బాపూ అనలేకపోయాను.

మొదటి వారం చివర డ్రామా సారు నన్ను బడి వెనుకకు పిలిచారు. ఆయన బదిలీ అడిగారని అప్పటికే తెలుసు. శనివారం ఆఖరి పీరియడు తోటపనికి మార్చారు.

"నీ తప్పేం లేదురా," అన్నారు.

నేను పుస్తకాలు చంక మార్చుకున్నాను.

"నాది పూచీ అన్న. కని దొరను చూడంగనే నా చేతులు వాటంతట అవే లేచినయి. నాకు ఎవలు నేర్పలే గది. చిన్నప్పటి సంది వచ్చింది." తన చేతుల్ని చూసుకుని, "నేను నేర్చుకోనిది నీకు నేర్పిన," అన్నారు.

నేనప్పుడు ఒకటి అడిగి ఉండాల్సింది. గడి దాకా వచ్చి బాపు పక్కన ఒక్క పూట నిలబడతారా అని. అడగలేదు. ఆయన సైకిలుకు ట్రంకు కట్టుకుని వెళ్లిపోయారు. ఎక్కడున్నారో తెలియదు.

చివరికి ఒకనాటి సాయంత్రం బాపు మామూలు నడకతో ఇంటికి వచ్చాడు. ముఖం విప్పారి ఉంది. గట్క పెట్టమని అడిగి, తింటూ చెప్పాడు. దొర ఆ మధ్యాహ్నం మోటారు దిగుతూ చూసి, "ఏందిరా, ఎందుకు నిలబడ్డవు?" అని అడిగాడట. "పోరడు కూసున్నడు దొరా, నీ కాళ్లు మొక్కుత," అని బాపు అన్నాడట. "ఏ పోరడు? ఎక్కడ కూసున్నడు?" అని దొర అడిగాడట. బాపు నాటకం సంగతి చెప్పబోతే, వినకుండానే, "పో పో, పోయి నీళ్లు చూసుకో," అన్నాడట.

"పొమ్మన్నడు," అని బాపు మళ్లీ మళ్లీ చెప్పాడు. "దొర మనసుల ఏం పెట్టుకోలే. మంచోడు."

అవ్వ దేవుడికి దండం పెట్టుకుంది. నేను లెక్కల పుస్తకం తీసుకుని దీపం దగ్గరికి పోయాను. ఆ తరువాత నేను ఎంచుకున్నవన్నీ గొంతు అవసరం లేనివే. గీతలు, కొలతలు, అంచనాలు. డిప్లొమాలో నోటి పరీక్ష ఒకటి ఉండేది. అందులో ప్రతిసారీ గట్టెక్కే మార్కులే. ఆఫీసులో నా రిపోర్టుల్లో తప్పు ఉండదని పేరు. మీటింగులో ఆ రిపోర్టు చదవమంటే పక్కవాడికి ఇస్తాను. పెద్ద ఇంజనీరు కారు చప్పుడు వినిపిస్తే ఆయన గేటు దాటకముందే లేచి నిలబడేది నేనే.

బాపు పోయి రెండేళ్లు. పదో దినం నాడు గడి జవాను, ఇప్పుడు ముసలివాడు, వచ్చి భోజనం చేశాడు. ఆకు మడిచి, చేతులు కడుక్కుని, నా పక్కన నిలబడ్డాడు.

"మీ బాపు మొండోడు బిడ్డా," అన్నాడు. "అప్పట్ల నువ్వు రాజు వేషం కట్టినప్పుడు దినాం వచ్చి నిలబడె గద. మూడో దినం పొద్దుగాల నేను జెప్పిన. దొర రాత్రే పట్నం పోయిండు, ఎప్పుడొస్తడో ఎర్క లేదు, ఇంటికి పో అని. ఇంటె గద."

"ఏమన్నడు?"

"దొర లేకుంటే ఏంది, దర్వాజ ఉన్నది గద అన్నడు."

ఆయన వెళ్లాక నేను బడి హాజరు రోజుల్ని బట్టి, తూము నేను చూసుకున్న సాయంత్రాల్ని బట్టి, వేళ్ల మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి లెక్కవేశాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. బాపు నిలబడింది పదిహేడు రోజులు. అందులో దొర గడిలో ఉన్నవి, పట్నం నుంచి మోటారులో తిరిగి వచ్చిన రోజుతో కలిపి, మూడు.